అయిదు చోట్ల మట్టి, ఒక్క సీసా

ఆ ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన సీసాల బాబాయి. ముప్పై ఏళ్లుగా భుజానికి సంచీ, సంచీలో గాజు సీసాలు, చేతిలో భూమిలోకి దింపే ఇనప గొట్టం. ఎక్కడ పాత షెడ్డు పడగొట్టినా, పెట్రోలు బంకు మూతపడినా, లారీలు బాగుచేసే జాగాలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటామన్నా ముందు ఈయన వెళ్లి మట్టి తేవాలి. ఆ మట్టిని మిషనుకు పెడతారు. కిలో మట్టిలో నూనె అయిదు వందల మిల్లీగ్రాములు దాటకపోతే 'అనుకూలం' అని కాగితం వస్తుంది. దాటితే 'ప్రమాదకరం' అని వస్తుంది. ప్రమాదకరమైన మట్టి కోసం తెల్ల దుస్తులూ మాస్కులూ వేసుకున్న మనుషులు దిగుతారు. మూడడుగుల లోతున తవ్వి, టార్పాలిన్ కప్పి, ఊరవతల గుంతకు తోలేస్తారు.

బాబాయి నిప్పులు కడిగే రకం. మట్టి తీసే రోజు ఒంటికి వాసన సబ్బు తగలనివ్వడు, తలకు నూనె రాయడు, గడ్డానికి క్రీము పెట్టడు. క్రీముల్లో ఉండేదీ నూనే, అది చేతి మీంచి సీసాలో పడితే లెక్క తప్పుతుందని ఆయన భయం. ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసి మట్టి విభాగం తలుపుకు అంటించిందీ ఆయనే. తలకు నూనె లేని రోజుల్లో నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ నాలుగు దిక్కులు చూసేవి. వాటిని చూసే ఆఫీసువాళ్లు ఇవాళ బాబాయి మట్టికి వెళ్తున్నాడని తెలుసుకునేవాళ్లు. ముప్పై ఏళ్లలో ఒక్క సీసా కూడా తప్పు పోలేదని ఆయనకు గర్వం. దాన్ని తనంతట తాను చెప్పుకునేవాడు కాదు. ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసేవాడు, అంతే. ఎవరూ అడగలేదు.

ఆయన పనితనమంతా కలపడంలో ఉంది. ఒక జాగాలో అయిదు చోట్ల గొట్టం దింపుతాడు. అయిదు చోట్ల మట్టినీ స్టీలు బేసిన్‌లో పోసి, కలిపి, ఒక్క సీసా నింపుతాడు. ఒక్క సీసాకి ఒక్క అంకె. రూలు అలాగే ఉంది. గొట్టం దింపేటప్పుడు గ్లౌజులు వేసుకుంటాడు గానీ, కలిపేటప్పుడు తీసేస్తాడు. గ్లౌజుల్లోంచి రాయేదో గడ్డేదో వేలికి తెలియదని ఆయన వాదన. వట్టి చేతులతో పెడ్డలు చిదిపి, రాళ్లూ వేర్లూ ఏరి పారేస్తాడు. రూలులో లేని ఈ ఒక్క పనే తనను నిజమైన పనివాణ్ణి చేసిందని ఆయన నమ్మకం. దాని ఫలం చేతుల మీద కనిపించేది. మట్టికీ, సీసాలు కడిగే మందుకీ వేళ్లు బీటలు వారి, చలికాలం వస్తే బొటనవేళ్ల నుంచి రక్తం కారేది.

ఆఫీసుకు రెండు అంతస్తులు. కింద మట్టి విభాగం, మేడ మీద సౌందర్య సాధనాల విభాగం. క్రీములు, లిప్‌స్టిక్కులు, పసిపిల్లల చెంపలకు రాసే జెల్లీలు మేడ మీదికి వస్తాయి. రెంటికీ కలిపి మిషను మాత్రం ఒకటే. రెండోది కావాలని పదకొండేళ్లుగా ఉత్తరాలు నడుస్తున్నాయి. అందుకని పొద్దున మట్టి, మధ్యాహ్నం క్రీములు. మిషను దగ్గర కూర్చునే ఆవిడను అందరూ మిషనమ్మ అంటారు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. పొద్దున కాగితం మీద గీత చిన్న గుట్టలా లేస్తే 'ప్రమాదకరం' అని రాస్తుంది. భోజనం చేసి వచ్చాక అదే మిషను మీద అలాంటి గుట్టే, వెయ్యి రెట్లు పెద్దది లేస్తే 'అనుకూలం' అని రాస్తుంది. ఎందుకంటే క్రీముల్లో ఆ నూనెకు హద్దు లేదు. అట్టపెట్టె మీద దాని పేరు అచ్చేస్తే చాలు. కింద అయిదు వందలు దాటితే కొంప మునుగుతుంది, మేడ మీద ఆరు లక్షలైనా మొహానికి మంచిదే.

నిజం చెప్పాలంటే రెండు నూనెలూ ఒక్క గూటివే గానీ ఒక్కటి కావు. క్రీములోకి వెళ్లేది బాగా శుద్ధి చేసినది. బంకు కింద కారేది మురికిది. కానీ కింది రిజిస్టరుకు ఆ తేడా పట్టదు. నూనె అంటే నూనె, మొత్తం ఎంతో చెప్పు అంటుంది. మేడ మీది రిజిస్టరు ఎంత అని అడగనే అడగదు. రెండు రిజిస్టర్ల మధ్య ఇరవై రెండు మెట్లున్నాయి. రెంటినీ చంకన పెట్టుకుని ఆ మెట్లెక్కే అవసరం ఎవరికీ పడలేదు.

బాబాయికి పడింది, అక్క వల్ల.

అక్కకు అరవై రెండేళ్లు. మూతపడ్డ ఒక పెట్రోలు బంకు గోడ పక్కన అయిదు మడుల జాగాలో నారు పెంచి అమ్ముతుంది. టమాటా, వంగ, మిరప, పుదీనా. ఆ జాగా ఆమె చేతికొచ్చినప్పుడు పార వేస్తే ఠంగుమని తిరిగొచ్చేది, అంతా ఇటుక ముక్కలు. వీధుల్లో రాలిన ఆకులు ఏరి, నాలుగిళ్ల కూరగాయల తొక్కలు అడిగి తెచ్చి, కుళ్లబెట్టి, జల్లించి, పంతొమ్మిదేళ్లలో ఆమె అక్కడ మట్టి తయారుచేసింది. పిడికిలి బిగిస్తే ముద్దయ్యేది, వదిలితే పొడిపొడిగా రాలేది. మొక్కలు ఎవరైనా పెంచుతారు, మట్టిని పెంచినదాన్ని నేనొక్కదాన్నేనని ఆమె అనేది. అందులో పెద్ద అబద్ధం లేదు.

బంకు మూతపడి రెండేళ్లయ్యాక, పక్క జాగాల మట్టి కూడా చూడాలని ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. అక్క నారు అమ్మే లైసెన్సు ఆ కాగితంతో ముడిపడింది. మట్టి పాసయితే మళ్లీ అయిదేళ్లు. తప్పితే మూడడుగుల లోతున ఆమె పంతొమ్మిదేళ్లూ లారీకెక్కుతాయి. ఆ జాగా మా అక్కది, నేను వెళ్లడం పద్ధతి కాదని బాబాయి రాసి ఇచ్చాడు. మట్టి తీసే రెండో ఆయన సెలవులో ఉన్నాడు, సొంత అక్కని కూడా వదలని మనిషివి నువ్వు, నువ్వే వెళ్లమని పైనుంచి జవాబు వచ్చింది. పొగడ్త అనుకుని ఆయన ఒప్పుకున్నాడు.

ఆ రోజు నాలుగు వెంట్రుకలతో, సంచీతో జాగాకు వెళ్లాడు. అక్క గేటు తీస్తూనే ఆయన చేతులు చూసింది.

"ఏంటిరా ఈ చేతులు? రక్తం కారుతోంది."

"చలికి పగిలాయిలే అక్కా. పని కానీ."

"పని ఎక్కడికీ పోదు. ఇలా రా."

చిన్నప్పుడు బడికి వెళ్లే ముందు మొహం కడిగినట్టే, అడగకుండా చెయ్యి లాక్కుని, గదిలోంచి గులాబీ వాసన క్రీము తెచ్చి వేలు వేలుకీ పట్టించింది. పట్టించినంతసేపూ తిడుతూనే ఉంది, నీకు ఉద్యోగం కావాలి గానీ ఒళ్లు అక్కర్లేదని, ఇంట్లో మరదలైనా చూడదా అని. బాబాయి వద్దన్నాడు. వద్దన్నది క్రీమునో తిట్టునో ఆయనకే తెలియదు. తర్వాత గ్లౌజులు తొడుక్కున్నాడు, క్రీము సంగతి గ్లౌజుల కింద మర్చిపోయాడు. తన అక్కని కనికరించినట్టు ఎవరూ వేలెత్తి చూపకూడదని, బంకు గోడకు జానెడు దూరంలో మొదటి గొట్టం దింపాడు. మిగతా నాలుగూ ఒక్కో మడిలో దింపాడు. గంటసేపయ్యాక అలవాటుగా గ్లౌజులు తీసి, వట్టి చేతులతో పెడ్డలు చిదిపి కలిపాడు. ఆ రోజు మట్టి నలపడం ఎందుకో హాయిగా ఉందనిపించింది. వేళ్లు మంట పుట్టలేదు.

నాలుగో రోజు అంకె వచ్చింది. రెండు వేల నూట నలభై. కింద ఎర్ర ముద్ర పడింది, పదిహేను రోజుల్లో జాగా అప్పగించాలని నోటీసు తయారైంది. బాబాయి ఆ కాగితం పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. మిషనమ్మ ఆయన్ని లోపలికి పిలిచి తలుపు వేసింది.

"బాబాయ్, ఈ గీత చూడండి. గుట్ట ఎంత నున్నగా ఉందో. బంకు నూనె ఇలా ఉండదు, ముళ్లు ముళ్లుగా ఉంటుంది. ఇది పొద్దున చూసే గుట్ట కాదు, మధ్యాహ్నం చూసే గుట్ట."

"అంటే?"

"అంటే క్రీము. ఈ చివరన చిన్న గీతలున్నాయే, ఇవి గులాబీ వాసనవి. మొన్నే ఈ రకం పాస్ చేశాను. మీరు చేతులకు ఏమైనా రాసుకున్నారా?"

బాబాయి తన చేతులు చూసుకున్నాడు. బొటనవేలి బీట మూతపడుతోంది.

సాయంత్రం అక్కకు చెప్పాడు. ఆమె నోటీసు చదివి చాపకింద పెట్టింది.

"నేను రాసిన క్రీమా ఇంత పని చేసింది?"

"సీసాకు చిటికెడు చాలక్కా."

"రోజూ మొహానికి రాసుకుంటాను కదరా. మరి మొహం మూడడుగులు తవ్వరేం?"

"అది వేరే విభాగం," అన్నాడు బాబాయి. అన్నాక, తానన్న మాట తనకే ఎబ్బెట్టుగా తోచింది.

మర్నాడు ఆయన సంతకాలాయన గదిలోకి వెళ్లాడు. రెండు విభాగాల కాగితాల మీదా సంతకం పెట్టే అధికారి ఆయనే కాబట్టి ఆ పేరు. బాబాయి దాచకుండా చెప్పాడు, తప్పు నాది, చేతికి క్రీము ఉంది, ఆ సీసా చెల్లదు, మళ్లీ మట్టి తీయించండి అని. సంతకాలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"క్రీము అంటున్నారు. అది మన మేడ మీద పాసయిందేనా?"

"అయిందండీ."

"పసిపిల్లలకు కూడా రాయొచ్చని కాగితం ఇచ్చాం. నేనే సంతకం పెట్టాను."

"అవునండీ."

"పసిపిల్లలకు రాసేది మట్టిలో పడితే మట్టి ప్రమాదకరం ఎలా అవుతుందయ్యా? మట్టి పసిపిల్లకంటే సుకుమారమా?"

బాబాయి తన రెండు చేతులూ చాపి చూపించాడు.

"ప్రమాదం లేనిది కలిస్తే ప్రమాదం రాదు. ఇక్కడ వచ్చింది. కాబట్టి కలిసింది క్రీము కాదు. మీరు అక్కగారి మీద ప్రేమతో మాట్లాడుతున్నారు. నాకు అర్థమవుతుంది."

"పోనీ ఇంకోసారి పరీక్ష చేయించండి సార్."

"తప్పకుండా. తప్పిన మట్టిని తవ్వి తీసేశాక ఆ జాగాలో మళ్లీ పరీక్ష చేస్తాం. రూలు అదే."

"తీసేశాక ఏ మట్టిని పరీక్ష చేస్తారండీ?"

"అదే రూలులో రాయలేదు," అన్నాడు సంతకాలాయన. ఆ మనిషి వెటకారమాడలేదు. నిజంగానే కొంచెంసేపు ఆలోచించాడు. ఆలోచించి, ఒక్క దారి ఉందన్నాడు. మట్టి తీసినవాడు నిర్లక్ష్యం చేశాడని విచారణలో తేలితే ఆ సీసా దానంతటదే రద్దవుతుంది. కానీ అలా తేలినవాణ్ణి ఉద్యోగంలో ఉంచరు. బాబాయి పదవీ విరమణకు అప్పటికి నాలుగు నెలలుంది.

నిర్లక్ష్యం నాదేనని బాబాయి రాసిచ్చాడు. విచారణ రెండు వారాలు నడిచింది. ఆ రెండు వారాలూ ఆఫీసును పట్టి పీడించిన ప్రశ్న వేరు. బాబాయి నిర్లక్ష్యమైతే, ముప్పై ఏళ్లుగా ఆయన తెచ్చిన వేల సీసాల మాటేమిటి? వాటి మీద కట్టిన ఇళ్లేమిటి, బడులేమిటి? చివరికి సంతకాలాయనే చిక్కు విడదీశాడు. సదరు ఉద్యోగి ఫలానా రోజు ఉదయం తొమ్మిది గంటల వరకు అత్యంత జాగ్రత్తపరుడని, ఆ తర్వాత నిర్లక్ష్యపరుడయ్యాడని ఉత్తర్వులో రాయించాడు. కలిసిన పదార్థం క్రీము అని రాస్తే మేడ మీదివాళ్లు నొచ్చుకుంటారు కాబట్టి 'గుర్తు తెలియని పదార్థం' అని వేశారు. బాబాయి అన్నింటికీ సంతకం పెట్టాడు. తలుపుకు అంటించిన తన కాగితం తానే జాగ్రత్తగా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. బాధ లేదని చెప్తే అబద్ధం. ఆ వారమంతా ఆయనకు అన్నం సయించలేదు.

అక్క మాత్రం ఇంతెత్తున లేచింది.

"నీ ఉద్యోగం పోగొట్టుకోమని నేనడిగానా?"

"నువ్వడగలేదు."

"మట్టి పోతే మళ్లీ చేసుకునేదాన్ని కదరా."

"పంతొమ్మిదేళ్లు పడుతుందక్కా."

ఆ నెలంతా తమ్ముడి ఇంటికి రోజూ ఏదో ఒక కూరగాయ పంపుతూనే ఉంది, తిట్టడం మాత్రం మానలేదు.

సెలవు ముగించుకొచ్చిన రెండో ఆయన మళ్లీ మట్టి తీశాడు. గొట్టం దింపిన దగ్గర్నుంచి సీసా మూత పెట్టేదాకా గ్లౌజులు తీయలేదు. ఈసారి అంకె నాలుగు వందల తొంభై రెండు. అయిదు వందలు దాటలేదు కాబట్టి 'సాగుకు అనుకూలం' అని కాగితం వచ్చింది. అక్క దానికి అద్దం కట్టించి గదిలో తగిలించింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ, ఇది మా తమ్ముడి ఉద్యోగం, గోడకు వేలాడదీశానని చెప్పేది. నవ్వుతూనే చెప్పేది గానీ గొంతులో నవ్వు ఉండేది కాదు.

రెండు రోజులాగి మిషనమ్మ బాబాయి ఇంటికి వచ్చింది. సంచీలోంచి రెండు గీతల కాగితాలు తీసి పక్కపక్కన పరిచింది.

"ఇది రెండో ఆయన సీసా. గుట్ట చిన్నదే. కానీ నున్నగా లేదు చూడండి."

బాబాయి వంగి చూశాడు. గుట్ట మీద వరసగా ముళ్లు లేచి ఉన్నాయి.

"బంకు నూనె," అన్నాడు.

"అవును బాబాయ్. మీ సీసాలో కూడా అడుగున ఈ ముళ్లున్నాయి. పైన క్రీము గుట్ట అంత పెద్దది లేచేసరికి నేను గమనించలేదు. అప్పుడు ప్రమాదకరం అని రాసింది మీ అక్క మొహానికి రాసుకునేదాని గురించి. ఇప్పుడు అనుకూలం అని రాసింది బంకు కింద కారినదాని గురించి. రెండూ నా చేత్తోనే రాశాను."

అయిదు వందలకు ఎనిమిది తక్కువ. అయితే బాబాయిని కుదిపింది ఆ ఎనిమిది కాదు. అయిదు చోట్ల మట్టి కలిపితే వచ్చిన అంకె అది. నాలుగు చోట్ల ఏమీ లేకపోయినా, ఒక్క చోట కొంప మునిగేంత ఉన్నా, కలిపితే అంతే వస్తుంది. ఎంత శ్రద్ధగా కలిపితే అంత బాగా దాక్కుంటుంది. ముప్పై ఏళ్లు ఆయన ఎంతో శ్రద్ధగా కలిపాడు. ఎన్ని గోడల పక్కన ఎన్ని మడులు ఆయన బేసిన్‌లో కరిగి మాయమయ్యాయో ఇప్పుడెవరు చెప్పగలరు? తొమ్మిది గంటల వరకు అత్యంత జాగ్రత్తపరుడన్న మాట గుర్తొచ్చి, ఆయన మూల పడేసిన సంచీ తీసి ఖాళీ సీసాలు లెక్కపెట్టాడు.

మర్నాడు అయిదు సీసాలు పట్టుకుని అక్క జాగాకు వెళ్లాడు. మళ్లీ ఇదేమిట్రా అని ఆమె అడిగితే, ఊరికే చూద్దామని అన్నాడు. ఒక్కో మడికి ఒక్కో సీసా, ఏదీ దేనితోనూ కలపలేదు. పొద్దున పెట్టాలంటే మట్టి రిజిస్టరులో రాయాలి కాబట్టి, మిషనమ్మ వాటిని మధ్యాహ్నం క్రీముల వరసలో పెట్టింది. ముఖ లేపనం ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అని పేర్లు కొట్టింది. గోడ పక్క మడి, రెండు వేల మూడు వందల పది. తర్వాతది అరవై. ఆ పైన నలభై, ముప్పై, ఇరవై. అయిదు కాగితాల అడుగునా మిషను తనంతట తానే ఒక వాక్యం అచ్చేసింది, చర్మానికి అనుకూలం అని.

అక్కకు చెప్పడానికి బాబాయికి ఒక పూట పట్టింది. ఆమె తిరగేసిన బకెట్టు మీద కూర్చుని విన్నది.

"గోడ పక్కదేనా?"

"అదొక్కటే."

"నేను మొట్టమొదట చేసిన మట్టిరా అది."

"తెలుసు."

"మా ఇంట్లో వండేదంతా ఆ మడిలోదే. మొన్న నెలంతా నీకు పంపినదీ అక్కడిదే."

"తెలుసక్కా."

"ఎన్నేళ్ల నుంచి కారుతోంది?"

"అది మిషను చెప్పదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఎవరికి చెప్పాలి అని అడిగింది. చెప్పడానికి ఏమీ లేదు, కాగితం ప్రకారం ఆ మట్టి మంచిదే అన్నాడు తమ్ముడు. ఆమె లేచి పార తెచ్చుకుంది. ముందు టమాటా మొక్కలన్నీ పీకి పక్కన పడేసింది, కాయలతో సహా. తర్వాత తవ్వడం మొదలుపెట్టింది. బాబాయి రెండో పార అందుకున్నాడు. తెల్ల దుస్తులవాళ్లు పూటలో చేసే పని ఇద్దరు ముసలాళ్లకు ఆరు రోజులు పట్టింది. అరవై నాలుగు బస్తాలయ్యాయి.

మొదటి పన్నెండు బస్తాలు ఒక ట్రాలీలో వేసుకుని ఇద్దరూ ఊరవతల గుంతకు వెళ్లారు. గేటు దగ్గర కాపలాదారు కాగితం అడిగాడు. అక్క అద్దంలోంచి తీసి తెచ్చిన కాగితం ఇచ్చింది. అతను రెండుసార్లు చదివాడు.

"ఇది మంచి మట్టేనమ్మా. ఇక్కడ చెడ్డది మాత్రమే వేయాలి. మంచిది లోపలికి పంపితే నా ఉద్యోగం ఊడుతుంది."

"మంచిది కాదు బాబూ," అన్నాడు బాబాయి.

"అలాగైతే ప్రమాదకరం అని కాగితం తెండి. ఇప్పుడే గేటు తీస్తాను."

ఆ కాగితం రెండు నెలల కిందట ఉండేది, ఎర్ర ముద్రతో సహా. అది చెల్లదని రుజువు చేయడానికే బాబాయి ఉద్యోగం వదులుకున్నాడు. నోరు మూసుకుని ఉంటే, తప్పుడు కాగితం పట్టుకుని వచ్చినవాళ్లే ఈ మడిని తోలుకుపోయేవాళ్లు, పక్కనున్న నాలుగు మంచి మడులతో కలిపి. ఆయనకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

కాపలాదారు ఒక బస్తా మూతి విప్పి గుప్పెడు మట్టి తీసి నలిపాడు.

"ఎంత బాగుందో. ఇలాంటిది ఎక్కడ దొరుకుతుంది? లోపలికి వద్దు గానీ, ఇక్కడే దించేయండి. నా గది వెనక ఆకుకూర వేసుకుంటాను. మా మనవరాలు అన్నంలోకి ఆకుకూర లేందే తినదు."

"వద్దు," అన్నాడు బాబాయి.

"ఏం? కాగితం మంచిదనే అంటోందిగా."

"కాగితం తప్పు."

"ఆ మాట చెప్పడానికి మీరెవరండీ?"

బాబాయి కాగితాలు బయటికి తీశాడు. ఆఫీసు లెక్క ప్రకారం ఆయన నిర్లక్ష్యపరుడు. చేతిలో ముఖ లేపనాల కాగితాలు అయిదున్నాయి, అవి కూడా అనుకూలమే అంటున్నాయి.

అక్క ట్రాలీ దిగి వచ్చింది.

"వీడు నా తమ్ముడు. ముప్పై ఏళ్లు మట్టి చూశాడు. ఈ మట్టి నేను చేసుకున్నది, నా చేతులతో. వీడు బాగాలేదన్నాడని నేనే తవ్వేశాను, ఏ కాగితమూ చూడకుండా. నీ మనవరాలికి పెట్టకు నాయనా."

కాపలాదారు ఆమె మొహం వైపు చూశాడు. గుప్పెట్లోని మట్టి బస్తాలోనే వదిలేసి, మూతి కట్టేశాడు. గేటు మాత్రం తీయలేదు. తీయడం అతని చేతిలో లేదు.

బాబాయి ట్రాలీలో అక్క పక్కన కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి పైకెత్తి, చేతికి ఆ మట్టే ఉందని గుర్తొచ్చి దించేశాడు. ఎదురుచూసినన్నాళ్లూ ఎవరూ అడగని తన పనితనం మాట, ఉద్యోగం పోయాక ఒక గేటు ముందు ఆమె నోట విన్నాడు.

బస్తాలన్నీ ఇప్పుడు బాబాయి ఇంటి వరండాలో పేర్చి ఉన్నాయి. ఎన్నాళ్లుంటాయివి అని ఇంటావిడ రోజూ అడుగుతోంది. ఆఫీసు నుంచి అక్కకు కొత్త నోటీసు వచ్చింది, అనుకూలమని ధ్రువీకరించిన నేలను అనుమతి లేకుండా తవ్వినందుకు సంజాయిషీ ఇవ్వమని. ఆమె దాన్ని చదివి గోడ పక్క గుంత వైపు చూసింది. అది నిండాలంటే పంతొమ్మిదేళ్లు కావాలి. ఆమెకు అరవై రెండు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఖాళీ గోనె పట్టుకుని వీధుల్లో రాలిన ఆకులు ఏరడానికి బయల్దేరింది. తమ్ముడు ఇంకో గోనె పట్టుకుని వెనకాలే నడిచాడు.